శారదాంబగారు చెప్పిన మాట

"తెలుగు నాకొచ్చు, నేను చూసుకుంటాలే" అని నర్సు మెగన్‌తో అన్నది నేనే. ఎవరూ నన్ను బతిమాలలేదు, బలవంతపెట్టలేదు. ఆ ఒక్క ముక్క అనకుండా నోరు మూసుకుని కూర్చుని ఉంటే శారదాంబగారు ఇవాళ తన కాళ్ళ మీద తను నడుస్తూ ఉండేవారేమో. ఏమో అని ఎందుకంటున్నానంటే, సర్జన్ అలాగే అన్నాడు కాబట్టి. నా మటుకు నాకు అందులో ఏమో ఏమీ లేదు.

నా పేరు వైశాలి. పుట్టింది హైదరాబాదు. నాన్నది బ్యాంకు ఉద్యోగం కావడంతో నాగపూర్‌లో కొన్నాళ్ళు, భోపాల్‌లో కొన్నాళ్ళు చదివి, మళ్ళీ హైదరాబాదు చేరాను. ఇప్పుడు పెర్త్‌లో ఒక పరిశోధన సంస్థలో కోఆర్డినేటర్‌ని. మా వాళ్ళు వెన్నెముకకి పట్టే ఇన్‌ఫెక్షన్ మీద పని చేస్తున్నారు. రక్తంలో ఎక్కడో తిరిగే క్రిమి వెళ్ళి వెన్నుపూసల మధ్య కాపురం పెడుతుంది. జనం మామూలు నడుంనొప్పి అనుకుని వారాల తరబడి బామ్ రాసుకుంటారు. ఇది ఒకరికి ఎందుకొస్తుంది, పక్కవాళ్ళకి ఎందుకు రాదు? ఒంట్లో కొలెస్ట్రాల్ ఎంత ఉండాలన్నది కొంతవరకూ అమ్మానాన్నల నుంచి జన్యువుల్లో వచ్చేస్తుంది కదా, ఆ జన్యువులకీ ఈ జబ్బుకీ ఏమైనా లంకె ఉందా? ఇదీ ప్రశ్న. అంత పెద్ద ప్రశ్నలో నా వాటా చాలా చిన్నది. రోగుల చేత సంతకాలు పెట్టించుకోవడం, రక్తం తీయించడం, అడగాల్సినవి అడిగి షీటులో నింపడం. ఆ చిన్న పని కూడా సరిగ్గా ఏడవలేదు నేను.

శారదాంబగారు మా హారిస్‌డేల్‌లోనే, రెండు వీధుల అవతల. అరవై ఎనిమిదేళ్ళావిడ. భర్త పోయాక కొడుకు రాధాకృష్ణ అమలాపురం నుంచి తీసుకొచ్చి తన దగ్గరే పెట్టుకున్నారు. చీర మీద స్పోర్ట్స్ బూట్లు వేసుకుని పొద్దున్నే చెరువు చుట్టూ నాలుగు రౌండ్లు కొట్టేది. నేను ఒకటిన్నరకే చతికిలపడితే, "ఏవిటమ్మా, ఈ వయసులో ఆ ఆయాసం! మా ఊళ్ళో ముసలమ్మలు నయం" అని ఉడికించేది. రాధాకృష్ణ కారెక్కమన్నా ఎక్కేది కాదు. "కాళ్ళున్నంతకాలం ఒకళ్ళకి బరువు కానురా" అనేది. గుళ్ళో పూజకి కూడా, ఎంత ఎండైనా సరే, నడిచే వచ్చేది.

జనవరిలో ఆవిడకి పన్ను పీకారు. తర్వాత నడుంనొప్పి, సాయంత్రాలు కొంచెం జ్వరం. మూడు వారాలకి తేలింది, వెన్నులో ఇన్‌ఫెక్షన్ అని. పది రోజులు ఆసుపత్రిలో ఉంచి, చేతిలోకి సన్నటి గొట్టం వేసి, ఇంటికి పంపారు. రోజూ మధ్యాహ్నం నర్సు ఇంటికే వచ్చి మందు ఎక్కిస్తుంది. ఆరు వారాలు అలా చేస్తే నయమైపోతుందన్నారు. నిజంగానే చాలామందికి నయమవుతుంది. మా షీటులోనే ఉన్నారు అలాంటివాళ్ళు.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం. ఆవిడని మా స్టడీలో చేర్చుకోవడానికి వాళ్ళింటికి వెళ్ళాను. ఇక్కడ ఫిబ్రవరంటే నడి ఎండాకాలం, బయట నలభై డిగ్రీలు. నర్సు మెగన్ అప్పటికే వచ్చి ఉంది. కుసుమ, అంటే రాధాకృష్ణ భార్య, ఆఫీసుకెళ్ళింది. రాధాకృష్ణ పక్కగదిలో మీటింగులో ఉన్నారు, తలుపు తీసే ఉంది. రోజూ నర్సుకీ తల్లికీ మధ్య మాట చేరవేసేది ఆయనే. ఆ రోజు ఆయనకి కుదరక, మెగన్ ఫోన్‌లో తెలుగు దుబాసీ కోసం ప్రయత్నించింది. నలభై నిమిషాలు ఆగమన్నారు. ఆమె ఇంకా నాలుగిళ్ళు తిరగాలి. గడియారం చూసుకుంటోంది.

అప్పుడన్నాను ఆ మాట. రూలు ప్రకారం నేను చెయ్యకూడదు. ఆ సంగతి నాకూ తెలుసు, మెగన్‌కీ తెలుసు. ఇద్దరం నవ్వుకుని కానిచ్చేశాం.

జ్వరం ఉందా, లేదు. నొప్పి ఎలా ఉంది, ఉందిలే అమ్మా. కాళ్ళు? "కాస్త బరువుగా ఉన్నాయి, పడుకుని పడుకుని." మెగన్ ఎత్తమంటే రెండూ ఎత్తి చూపించింది. తర్వాత మెగన్ అసలు ప్రశ్న అడిగింది. మూత్రం సరిగ్గా వస్తోందా, ఆగిపోవడం అలాంటిదేమైనా ఉందా అని. ఈ జబ్బున్నవాళ్ళని రోజూ అడగాల్సిన ప్రశ్న అది. వెన్నులో చీము పేరుకుని నరాల్ని నొక్కుతుంటే ముందు తెలిసేది అక్కడే. అలా జరిగితే గంటల్లో ఆపరేషన్ చెయ్యాలి, లేకపోతే కాళ్ళు దక్కవు. ఇదంతా నాకు కంఠతా వచ్చు, మా ఫారంలో నేనే టైపు చేశాను.

కానీ పక్కగదిలో కొడుకున్నాడు, తలుపు తీసి ఉంది. మూత్రం అన్న మాట నా నోట్లోంచి రాలేదు. సిగ్గో, మర్యాదో, నా బొందో. "బాత్రూం అదీ అంతా బానే ఉందా ఆంటీ?" అన్నాను.

ఆవిడ తలుపు వైపు చూసి, నన్ను దగ్గరికి రమ్మని గొంతు తగ్గించింది. "నిన్న పొద్దున్న ఒంటికి పోసుకున్నదేనమ్మా. మళ్ళీ పోసుకోలేదు. నావల్ల కావట్లేదు."

ఒంటికి పోసుకోవడం. నేను అప్పటిదాకా ఎప్పుడూ వినని మాట. వినలేదని కూడా నాకు తెలియలేదు, అదే నా కొంప ముంచింది. ఒళ్ళు తెలుసు, పోసుకోవడం తెలుసు. చేతికి గొట్టం ఉంది, తడపకూడదన్నారు, పైన ఈ ఎండలు. పాపం, స్నానం చేసి రోజు దాటిందని బాధపడుతోంది అనుకున్నాను. "అయ్యో, అంతేనా ఆంటీ!" అన్నాను.

మెగన్‌తో చెప్పాను, నిన్న పొద్దుట్నుంచీ స్నానం చెయ్యలేదట, తనవల్ల కావట్లేదట అని. మెగన్ జాలిపడింది. గొట్టం తడవకుండా చేతికి తొడిగే ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, రేపు తెస్తాను, దగ్గరుండి నేనే చేయిస్తాను అంది. అది నేను తెలుగులో చెప్పాను. అక్షరం అక్షరం గుర్తుంది నాకు. చచ్చేదాకా గుర్తుంటుంది.

"ప్లాస్టిక్‌ది ఒకటుంటుంది ఆంటీ. రేపు తెచ్చి మెగనే పెడుతుంది. అది పెట్టేస్తే ఇంక ఇబ్బంది ఉండదు. రేపటిదాకా ఓపిక పట్టండి."

"నొప్పెట్టదు కదమ్మా?"

"ఛ, నొప్పేంటి ఆంటీ!" అని పకపకా నవ్వాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "ఆడపిల్లవి, నీకు కాబట్టి చెప్పేను. మావాడితో ఇవన్నీ ఎలా చెప్తాను చెప్పు." స్నానం సంగతికి ఇంత బిడియమా, పాతకాలం మనిషి అనుకుని ముచ్చటపడ్డాను కూడా. రక్తం తీయించి, సంతకం పెట్టించుకుని వచ్చేశాను. మా స్టడీలో ఆవిడ మూడొందల పన్నెండో మనిషి.

శనివారం మధ్యాహ్నం రెండింటికి మెగన్ తొడుగు పట్టుకుని వెళ్ళేసరికి శారదాంబగారికి పొత్తికడుపు ఉబ్బిపోయి ఉంది. కాళ్ళు ఎత్తమంటే లేవలేదు. అంబులెన్సు, స్కాను, ఆదివారం తెల్లారేసరికి ఆపరేషన్. లోపల చీము గూడుకట్టి నరాల్ని నలిపేసిందట. ఒక రోజు ముందు వచ్చి ఉంటే అవకాశం ఉండేదేమో అన్నాడు సర్జన్. నాకు ఆదివారం సాయంత్రం కుసుమ ఫోన్ చేసి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అప్పటికింకా నాకు తెలియదు.

సోమవారం చూడ్డానికి వెళ్ళాను. మంచం పక్కన కొక్కేనికి మూత్రం సంచి వేలాడుతోంది. శారదాంబగారు దాన్ని చూపించి కోడలితో అంది, "చూసేవా కుసుమా, ఒంటికి పోసుకునేది కూడా నాకు తెలీట్లేదే ఇప్పుడు."

ఒంటికి పోసుకునేది. అంటే మూత్రం.

నేను ఆ సంచి వైపు చూశాను, ఆవిడ మొహం వైపు చూశాను. అక్కడున్న కుర్చీ పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ చెప్పింది. అడగ్గానే చెప్పింది, సిగ్గు చంపుకుని చెప్పింది. నొప్పెట్టదు కదా అని అడిగింది. ప్లాస్టిక్ గొట్టం వేసి మూత్రం తీస్తారని నమ్మి, రాత్రంతా ఆ బరువు మోసుకుంటూ, నేను పట్టమన్నానని ఓపిక పట్టింది.

అప్పుడు రాధాకృష్ణ లోపలికొచ్చారు. రెండు రోజులుగా నిద్ర లేదేమో, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. తల్లి మీద విరుచుకుపడ్డారు. "ఎందుకు చెప్పలేదమ్మా? నర్సు అడిగింది. ఇదిగో, వైశాలిగారు తెలుగులో అడిగారు. ఒక్క మాట చెప్తే ఏం పోయేది? సిగ్గు! ఆ సిగ్గుతో కాళ్ళు పోగొట్టుకున్నావ్!"

"చెప్పేననే అనుకున్నానురా," అంది ఆవిడ. నా వైపు చూసింది. "చెప్పేను కదమ్మా నీకు?"

నేను చెప్పి ఉండాల్సింది అక్కడే, ఆ నిమిషమే. "మీరు… సరిగ్గా గుర్తులేదు ఆంటీ" అన్నాను. అవును, అన్నాను. నా నోటితోనే అన్నాను.

ఆవిడ నన్ను కాసేపు చూసి, కళ్ళు దించుకుంది. "అయితే చెప్పలేదేమోలే. నొప్పిలో ఏం మాట్లాడేనో ఏమో," అంది. ఆ మందుల మత్తులో తన జ్ఞాపకాన్నే అనుమానించుకుంది ఆ పిచ్చితల్లి. నేను చేసిన పనుల్లో అన్నింటికన్నా నీచమైనది అదే. మొదటిది తెలియక చేశాను, ఇది తెలిసి చేశాను.

ఇంటికొచ్చి వివేక్‌తో చెప్పాను. మా ఆయనకి ఉద్యోగం పోయి నాలుగు నెలలు. మా వీసా నా ఉద్యోగం మీద ఉంది. "నువ్వు చెప్తే ఆవిడ లేచి నడుస్తుందా వైశూ?" అన్నారు. నడవదు. ఆ మాటని దుప్పటిలా కప్పుకుని ఏడు వారాలు పడుకున్నాను.

ఆ ఏడు వారాలూ, ముందు ఆసుపత్రికి, తర్వాత వాళ్ళింటికి, సాంబారు పట్టుకెళ్ళాను, పప్పు పట్టుకెళ్ళాను. వెళ్ళినప్పుడల్లా అదే పాట. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళకీ రాధాకృష్ణ కథంతా మొదట్నుంచీ చెప్పేవారు, ఆఖర్న "మన ఆడవాళ్ళ సిగ్గు అండీ, ప్రాణాల మీదికి తెస్తుంది" అని ముగించేవారు. వచ్చినవాళ్ళు తలలూపేవారు. ఒకావిడైతే మంచం పక్కనే నిలబడి, "అంత మొహమాటం ఏంటండీ శారదాంబగారూ, తప్పు మీదే" అనేసింది. శారదాంబగారు ఒప్పుకునేది. "తప్పు నాదేనమ్మా." అంతకన్నా ఘోరం, ఆవిడ ఒక అలవాటు చేసుకుంది. ఎవరొచ్చినా, మగవాళ్ళైనా సరే, అడక్కుండానే చెప్పేది: "ఇవాళ కడుపు కదిలిందండీ. సంచి రెండుసార్లు మార్చేరు. చెప్తున్నాను, మళ్ళీ చెప్పలేదనకండి." కొడుకు దగ్గర కూడా గుటకేసి గొంతు దించే మనిషి! రాధాకృష్ణ స్నేహితులు తలలు పక్కకి తిప్పుకునేవారు. నేను వంటింట్లోకి పోయి కుళాయి తిప్పి నిలబడేదాన్ని.

ఆసుపత్రి రిహాబ్‌లో మొదట్లో ఆవిడ చాలా ఉత్సాహంగా ఉంది. కుడికాలి బొటనవేలు కదిలిందంది. ఫిజియో వచ్చి చూసి, కదల్లేదు, కదిలినట్టు అనిపిస్తుంది అంతే అంది. ఇంకో రెండు వారాలు చూశారు. తర్వాత ఇంటికి పెద్ద మంచం పంపించి, మనిషిని ఎత్తే యంత్రం పంపించి, ఇంతే అని చెప్పకుండా చెప్పేశారు.

ఏప్రిల్‌లో మా బాస్ ఆలిసన్ నన్ను పిలిచింది. షీటు తెరిచి ఉంది. మూడొందల పన్నెండో వరస. జన్యువుల ఫలితం వచ్చింది, కొలెస్ట్రాల్ తాలూకు జన్యువుల్లో చెప్పుకోదగ్గ విశేషం ఏమీ లేదు. పక్క గడిలో "మొదటి ప్రమాద లక్షణం రోగి తెలిపిన సమయం": శనివారం, రెండూ పది. దాని పక్కన "ఆలస్యానికి కారణం": రోగి తెలపలేదు. రెండూ నేను నింపినవే.

ఆలిసన్ మంచిది. ఎంత మంచిదంటే, ఆ గడి చూసి బాధపడింది. "ఇది ముఖ్యమైన విషయం వైశాలీ. దక్షిణాసియా పెద్దావిడలు సిగ్గు వల్ల లక్షణాలు దాచుకుంటారని పేపర్లో ఒక పేరా పెడదాం. నీకు ఆ సంస్కృతి తెలుసు కదా, నువ్వే రాయి," అంది.

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆలిసన్ మీద కాదు. ఇన్నాళ్ళూ ఒక ఇంట్లో ఉన్న అబద్ధం, ఇప్పుడు అచ్చులో పడి ప్రపంచమంతా తిరగబోతోంది. దాన్ని నేనే రాయాలట, సంస్కృతి తెలిసినదాన్ని కాబట్టి! ఒంటికి పోసుకోవడం అంటే ఏంటో తెలియని మొద్దుమొహాన్ని, నాకు సంస్కృతి తెలుసట. "ఆ గడి తప్పు. నేను సరిచేస్తాను. మీతో మాట్లాడాలి, కానీ ముందు ఒకచోటికి వెళ్ళి రావాలి," అని బ్యాగు తీసుకుని వచ్చేశాను. ఆలిసన్ ఏదో అడుగుతూనే ఉంది.

నేను వెళ్ళేసరికి సాయంత్రం నాలుగైంది. ముందుగదిలో మంచం. శారదాంబగారు వెల్లకిలా పడుకుని ఉన్నారు, నడుం దగ్గర్నుంచి కింద దుప్పటి. కుసుమ ఆవిడ తల దువ్వుతోంది. రాధాకృష్ణ మంచం చివర నిలబడి ఏదో మందుల కాగితం చదువుతున్నారు. నన్ను చూడగానే ఆవిడ మొదలుపెట్టింది, "రా అమ్మా. ఇవాళ సంచి…"

"చెప్పకండి ఆంటీ," అన్నాను. "నేను చెప్పాలి. మీరు ఆ రోజు నాకు చెప్పారు. శుక్రవారం మధ్యాహ్నం. నిన్న పొద్దున్న ఒంటికి పోసుకున్నదే, మళ్ళీ లేదు, నావల్ల కావట్లేదు అన్నారు. ఈ మాటే అన్నారు. నాకు ఆ మాట తెలియదు ఆంటీ. స్నానం అనుకున్నాను. స్నానం చెయ్యలేదని నర్సుకి చెప్పాను. ప్లాస్టిక్‌ది అన్నది చేతి తొడుగు గురించి. సోమవారం ఆసుపత్రిలో మీరడిగినప్పుడు నాకు అర్థమైపోయింది. భయపడి గుర్తులేదన్నాను. అబద్ధం చెప్పాను."

కుసుమ చేతిలో దువ్వెన అలాగే ఆగిపోయింది.

ఆవిడ నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బావుణ్ణనుకున్నాను. ఆవిడ కళ్ళు నా మీద లేనే లేవు, పైకప్పు మీద ఉన్నాయి. "స్నానం," అంది మెల్లగా. "అదా!" తర్వాత గొంతు పెరిగింది. అంత గట్టిగా ఆవిడ మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "విన్నావుట్రా కృష్ణా? చెప్పేను. నేను చెప్పేనురా! దాచలేదు. నాకు మతి పోలేదు. అడిగితే చెప్పేను!"

"ఆంటీ, నన్ను…"

"నువ్వుండు." నా వైపు చూడకుండానే అంది. "నిన్ను క్షమించడం నావల్ల కాదమ్మా. నా కాళ్ళ గురించి కాదు. కాళ్ళు పోతే పోయేయి. నా నోట నేనే దోషినని అనిపించేవు, రెండు నెలలు. వెళ్ళు ఇంక."

నేను వెళ్ళలేదు. గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఎదురుగా రాధాకృష్ణ చేతిలోంచి కాగితం జారిపోయింది. మోకాళ్ళ మీద పడ్డారు మంచం చివర. దుప్పటి తొలగించి తల్లి పాదాలు రెండూ చేతుల్లోకి తీసుకుని వాటి మీద తల పెట్టేశారు. శబ్దం లేకుండా ఏడుస్తున్నారు, వీపు మాత్రం అదురుతోంది.

శారదాంబగారు పైకప్పుకేసే చూస్తూ ఎదురుచూస్తోంది. కొడుకు ఏదో ఒకటి అంటాడని. కాసేపు చూసింది. మొహం ముడుచుకుపోయింది. "చూసేవా, ఇప్పుడు కూడా మాట్లాడడు. వెళ్ళిపోయేడా? కుసుమా, వాడేడే?"

కుసుమ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇక్కడే ఉన్నారు అత్తయ్యా," అంది. "మీ కాళ్ళు పట్టుకుని ఉన్నారు."